ఒక్క అగ్గిపుల్ల, ఒక్కటే ప్రాణం: ‘మనుగడ ఆటలు’ ఏమి నేర్పుతాయి?

ఆన్‌లైన్ ఆటలను గురించి మన దేశంలో కొంతకాలంగా వినవస్తున్న వార్తలలో అధిక భాగం డబ్బుకు సంబంధించినవే. పందేలలో సొమ్ము పోగొట్టుకున్నవారు, అప్పుల పాలైన కుటుంబాలు, వాటిని అరికట్టేందుకు వచ్చిన చట్టాలు తరచు వార్తలలోకి వస్తున్నాయి. ఈ నేపథ్యంలో ‘వీడియో గేమ్’ అన్న మాట చెవిన పడగానే పెద్దలకు జూదమో, తుపాకుల మోతో గుర్తుకు రావడం సహజమే. కానీ ఆ లోకంలో మరొక వీధి కూడా ఉంది. అక్కడ పందెం లేదు, ప్రత్యర్థి లేడు, గెలుపు కూడా లేదు. ఉన్నదల్లా చలి, ఆకలి, దాహం, అలసట. వాటిని తట్టుకొని మరొక పూట బతకడమే అక్కడి ఆట. వీటిని ‘సర్వైవల్ క్రాఫ్టింగ్’ ఆటలంటారు. తెలుగులో ‘మనుగడ ఆటలు’ అనుకోవచ్చు. దొరికిన వస్తువులతో కావలసిన పనిముట్లు తయారు చేసుకుంటూ ప్రాణం నిలుపుకోవడం వీటి ప్రధాన లక్షణం.

ఈ కోవలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది కెనడాలోని హింటర్‌ల్యాండ్ అనే చిన్న సంస్థ రూపొందించిన ‘ది లాంగ్ డార్క్’. దానిని ఆధారంగా చేసుకొని ఈ ఆటలు ఎలా పుట్టాయి, ఎలా నడుస్తాయి, వాటిలో వాస్తవమెంత, కల్పన ఎంత, తల్లిదండ్రులు గమనించవలసినదేమిటి అన్న విషయాలు పరిశీలిద్దాం.

చిన్న సంస్థల పెద్ద ప్రయోగం

పెద్ద నిర్మాణ సంస్థల పెట్టుబడి లేకుండా, కొద్దిమంది కలిసి సొంతంగా తయారు చేసే ఆటలను ‘ఇండీ’ ఆటలు అంటారు. ‘స్వతంత్ర’ అన్న అర్థమిచ్చే ఆంగ్ల పదానికి అది సంక్షిప్త రూపం. మనుగడ ఆటలకు విశేష ప్రాచుర్యం తెచ్చిన ‘మైన్‌క్రాఫ్ట్’ కూడా అలా మొదలైనదే. స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ దాని తొలి రూపాన్ని 2009లో ప్రజలకు అందుబాటులో ఉంచారు. పూర్తి రూపం 2011 నవంబరులో వెలువడింది. మూడేళ్ల తరువాత, 2014లో, మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని 250 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది.

ఆ దారిలో మరికొందరు నడిచారు. కెనడాలోని వాంకూవర్ నగరానికి చెందిన క్లే సంస్థ 2013లో ‘డోంట్ స్టార్వ్’ను విడుదల చేసింది. ‘ఆకలితో చావకు’ అన్నది ఆ పేరుకు అర్థం. ఆట సారాంశం కూడా అదే. స్వీడన్‌లోని షెవ్డే పట్టణంలో కేవలం అయిదుగురు సభ్యులున్న ఐరన్ గేట్ సంస్థ 2021 ఫిబ్రవరిలో ‘వాల్‌హైమ్’ను తెచ్చింది. మొదటి వారంలోనే పది లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి.

చిన్న సంస్థలు ఈ తరహా ఆటల వైపు మొగ్గడానికి కారణం ఉంది. ఒక కథను సినిమాలాగా ఆద్యంతం చిత్రించాలంటే వందలమంది కళాకారులు, రచయితలు, నటులు కావాలి. మనుగడ ఆటకు అంత హంగు అవసరం లేదు. ఒక అడవి, వాతావరణం, కొన్ని వస్తువులు, వాటి నడుమ కచ్చితమైన నియమాలు ఉంటే చాలు. కథను ఆడేవారే తమ నిర్ణయాలతో అల్లుకుంటారు. చదరంగానికి అరవై నాలుగు గళ్లు, ముప్ఫై రెండు పావులు సరిపోయినట్లే ఇక్కడ కూడా నియమాల కలయికే వైవిధ్యాన్ని పుట్టిస్తుంది.

పెట్టుబడి సమకూర్చుకోవడంలో కూడా వీరిది వేరే పద్ధతి. ‘ది లాంగ్ డార్క్’ రూపకర్త రఫాయెల్ వాన్ లీరోప్ 2013లో కిక్‌స్టార్టర్ అనే వేదిక ద్వారా ప్రజల నుంచి నేరుగా చందాలు సేకరించారు. 2014 సెప్టెంబరులో, ఆట ఇంకా తయారవుతుండగానే, అసంపూర్ణ రూపాన్ని అమ్మకానికి పెట్టారు. దీనిని ‘ఎర్లీ యాక్సెస్’ అంటారు. కొన్నవారు ఆడుతూ లోపాలు చెబుతారు, నిర్మాతలు సరిదిద్దుతారు. పూర్తి రూపం 2017 ఆగస్టు 1న విడుదలైంది. ఈ పద్ధతిలో కొనుగోలుదారుకు నష్టభయం లేకపోలేదు. ఇలా మొదలై మధ్యలో ఆగిపోయిన ఆటలు అనేకం. కాబట్టి ఎర్లీ యాక్సెస్‌లో ఉన్న ఆటను కొనేవారు, రేపు రాబోయే హంగులను నమ్ముకోకుండా, నేడు ఉన్న రూపానికి ఆ ధర తగునా అని ఆలోచించుకోవడం మంచిది.

మంచు దీవిలో ఒంటరి ప్రయాణి

ఆట జరిగే స్థలం కెనడా ఉత్తర భాగంలోని ‘గ్రేట్ బేర్’ అనే కల్పిత దీవి. భూ అయస్కాంత క్షేత్రంలో సంభవించిన ఒక ఉపద్రవం వల్ల విద్యుత్తు, యంత్రాలు స్తంభించిపోయాయి. అక్కడ చిక్కుకుపోయిన వ్యక్తి మనమే. కథారూపంలో ఆడదలచినవారికి మెకంజీ అనే విమాన చోదకుడు, ఆస్ట్రిడ్ అనే వైద్యురాలు ప్రధాన పాత్రలుగా ఒక విభాగం ఉంది. కథ లేకుండా, ఎన్ని రోజులు బతకగలమో చూసుకునేది రెండవ విభాగం. ఎక్కువమంది ఈ ఆటను గుర్తుపెట్టుకున్నది దీని వల్లనే.

తెర మీద నాలుగు అవసరాలను సూచించే గుర్తులు ఉంటాయి. శరీరపు వెచ్చదనం, అలసట, దాహం, ఆకలి. ఏ ఒక్కటి అడుగంటినా ప్రాణశక్తి తగ్గడం మొదలవుతుంది. అన్నిటికంటే వేగంగా ప్రాణం తీసేది చలి. ఆకలి చాలా నెమ్మదిగా దెబ్బ తీస్తుంది. వాస్తవ జీవితంలో ఆపత్కాల శిక్షణ ఇచ్చేవారు చెప్పే ‘మూడుల సూత్రం’ కూడా ఇంచుమించు ఇదే. తీవ్ర వాతావరణంలో నీడ లేకుండా మూడు గంటలు, నీరు లేకుండా మూడు రోజులు, ఆహారం లేకుండా మూడు వారాలు అన్నది ఆ సూత్రం. అది స్థూలమైన లెక్కే కానీ, దేనికి ముందు పరుగెత్తాలో చెబుతుంది.

నీరు కావాలంటే మంచు కరిగించాలి, కరిగిన నీటిని మరిగించాలి. మరిగించని నీరు తాగితే విరేచనాలు పట్టుకుంటాయి. మరిగించడానికి నిప్పు కావాలి. నిప్పుకు అగ్గిపుల్ల, అంటుకోవడానికి ఎండు పీచో కాగితమో, ఆపై చిదుగులు, కట్టెలు కావాలి. కట్టెలు తేవాలంటే బయటకు వెళ్లాలి. బయటకు వెళితే ఒంటి వేడి తగ్గుతుంది, శక్తి ఖర్చవుతుంది. ఆ శక్తికి ఆహారం కావాలి. ఇలా ఒక అవసరం మరొక అవసరాన్ని లాగుతుంది. మోయగల బరువు సుమారు 30 కిలోలు. అంతకు మించితే నడక మందగిస్తుంది. ఏది తీసుకోవాలి, ఏది వదలాలి అన్నది ప్రతి గుమ్మం దగ్గరా ఎదురయ్యే ప్రశ్న.

తయారీ భాగం కూడా ఆసక్తికరమైనదే. కుందేలును ఉచ్చుతో పట్టవచ్చు, రాయి విసిరి స్పృహ తప్పించవచ్చు. చేతికి చిక్కిన తరువాత చంపాలా, విడిచిపెట్టాలా అని ఆట అడుగుతుంది. లేడి చర్మాన్ని ఇంటిలో పరచి రోజుల తరబడి ఆరనిస్తేనే చెప్పులకు, దుస్తులకు పనికివస్తుంది. అత్యంత కఠిన స్థాయిలో సిద్ధంగా ఉన్న కత్తి గానీ, గొడ్డలి గానీ ఎక్కడా దొరకవు. దీవిలో అక్కడక్కడా ఉన్న కొలిమిని వెతుక్కుంటూ పోయి, బొగ్గు, ఇనుప తుక్కు మోసుకెళ్లి, సమ్మెటతో స్వయంగా సాగగొట్టుకోవలసిందే.

మందులు కూడా అడవిలోనే ఉన్నాయి. ఎండిన అడవి గులాబీ కాయల కషాయం నొప్పికి, రైషీ పుట్టగొడుగు కషాయం అంటువ్యాధికి. చెట్ల కొమ్మలకు ముసలివాని గడ్డంలా వేలాడే ఒక మొక్కతో గాయానికి కట్టు కట్టుకోవచ్చు. మన వంటింటి రాతిపువ్వు లాగానే అది కూడా లైకెన్ జాతికి చెందినది. గడ్డకట్టిన చెరువుల అంచున ఆకలి తీర్చేది మన చెరువు గట్లకు చిరపరిచితమైన జమ్ము. దాని కాడ ఆహారం, దూదివంటి కంకి నిప్పు రాజేయడానికి సాధనం. దారి చూపే పటం ఉండదు. ఆరిన నెగడు నుంచి బొగ్గు ముక్క ఏరుకొని, చూసినంత మేర మనమే గీసుకోవాలి.

అయిదవ రోజు

ఈ వ్యాసం రాయడానికి ముందు ఈ ఆటను కొన్ని సాయంత్రాలు ఆడి చూశాను. ఆటలోని ఒక రోజు మన గడియారంలో రెండు గంటలు. కళాశాలలో చదువుతున్న మా అబ్బాయి పక్కన కూర్చుని మీటలు చూపించాడు. ‘మిస్టరీ లేక్’ అనే సరస్సు పక్కన ఒక కార్యాలయ భవనం దొరికింది. అందులో ఒక పొయ్యి, డబ్బాలో ఊరవేసిన పండ్లు, పన్నెండు అగ్గిపుల్లలు. నాలుగు రోజులు గడిచాయి. ఆ నాలుగు రోజులలో అగ్గిపుల్లలు తొమ్మిది ఖర్చు చేశాను. ఒక్కొక్క ప్రయత్నానికి నిప్పు అంటుకునే అవకాశం ఎంత శాతమో ఆట ముందే చెబుతుంది. నైపుణ్యం లేని వానికి ఆ శాతం తక్కువ.

అయిదవ రోజు ఉదయం నీరు, మాంసం రెండూ ఉన్నాయి. అయినా సరస్సు ఆవలి గట్టున జమ్ము కనబడింది. మరికొంత ఉంటే మంచిదనిపించింది. సగం దూరం పోయేసరికి గాలి దిశ మారింది.

‘‘నాన్నా, వెనక్కి వచ్చెయ్. మంచు తుపాను పట్టేలా ఉంది’’ అన్నాడు అబ్బాయి.

‘‘ఇంత దూరం వచ్చాను కదరా, అయిదు నిమిషాల పని’’ అన్నాను.

కోయడం పూర్తయ్యేసరికి చేయి చాచితే కనబడనంత మంచు. భవనం ఏ దిక్కున ఉందో తెలియలేదు. బట్టలు తడిశాయి. ఒక బండరాయి చాటున మిగిలిన మూడు పుల్లలు గీశాను. మొదటిది అంటుకోలేదు. రెండవదానితో రాజుకున్న మంటను గాలి ఆర్పేసింది. మూడవది కూడా పోయింది. కొంతసేపటికి తెర చీకటి పడింది. నీవు సుదీర్ఘ అంధకారంలో కలిసిపోయావన్న అర్థంలో ఒక వాక్యం వచ్చింది. ఆ ప్రయాణం దాచి ఉన్న ఫైలు తుడిచిపెట్టుకుపోయింది. సంచీలో జమ్ము కాడలు ఉన్నాయి, రెండు రోజులకు సరిపడా మాంసం ఉంది. ఆకలి వల్ల చావలేదు. చాలునని ఆగలేకపోవడం వల్ల చచ్చాను.

చావు శాశ్వతం కావడంలోని ఆంతర్యం

చాలా ఆటలలో చనిపోతే కొద్ది వెనుక నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. దీనిని ‘పర్మాడెత్’ అంటారు. వంద రోజులు బతికినా, ఒక్క పొరపాటుతో అంతా పోతుంది. ఇది క్రూరమైన నియమంగా కనిపించవచ్చు. అయితే అది లేకపోతే పైన చెప్పిన మూడు అగ్గిపుల్లలకు ఏ విలువా ఉండదు. మళ్లీ వెనక్కి వెళ్లే వీలున్నచోట జాగ్రత్త అనవసరం. పోయినది తిరిగి రాదని తెలిసినప్పుడే మనిషి గాలిని గమనిస్తాడు, ఆకాశం చూస్తాడు, పుల్లలు లెక్కపెట్టుకుంటాడు.

నియమాల విషయంలో నిర్మాతలకు, ఆడేవారికి మధ్య సాగిన పెనుగులాట కూడా చెప్పుకోదగినది. ఇంటిలోనే పడుకొని ఉంటే శక్తి తక్కువ ఖర్చవుతుందని ఆడేవారు కనిపెట్టారు. రోజుల తరబడి నిద్రపోతూ రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. దానికి విరుగుడుగా నిర్మాతలు ‘క్యాబిన్ ఫీవర్’ అనే నియమాన్ని చేర్చారు. నాలుగు గోడల మధ్య అదేపనిగా గడిపితే మనస్సు చెదిరి, లోపల నిద్ర పట్టని స్థితి వస్తుంది. మరికొందరు పగలంతా పస్తుండి, పడుకునే ముందు మాత్రమే తింటే ఆహారం ఆదా అవుతుందని లెక్క కట్టారు. నిర్మాతలు దానిని నిషేధించలేదు. వరుసగా మూడు రోజులు ఆకలి లేకుండా గడిపినవారికి అదనపు సత్తువ, ఎక్కువ బరువు మోసే శక్తి కలిగేలా నియమం పెట్టారు. లెక్క ప్రకారం లాభసాటి అయిన పస్తు, బతుకు ప్రకారం లాభం కాకుండా పోయింది. బతికి ఉండడం వేరు, బతకడం వేరు అన్న భేదాన్ని ఉపన్యాసంతో కాక నియమంతో చెప్పడం ఈ మాధ్యమానికి ఉన్న ప్రత్యేకత.

ఒంటరి మానవుడు, ప్రకృతి అన్న ఇతివృత్తం కొత్తది కాదు. డేనియల్ డెఫో ‘రాబిన్సన్ క్రూసో’ను 1719లో ప్రచురించాడు. కెనడాలోని యూకాన్ మంచులో నిప్పు రాజేయలేక ప్రాణాలు కోల్పోయే మనిషి కథను అమెరికన్ రచయిత జాక్ లండన్ 1908లో రాశాడు. పాఠకుడు అక్కడ జాలిపడతాడు. ఆటలో ఆ పొరపాటు తానే చేస్తాడు. తేడా అంతే.

వాస్తవమెంత? కల్పన ఎంత?

భూ అయస్కాంత ఉపద్రవం పూర్తిగా కల్పన కాదు. సూర్యుని నుంచి వెలువడే ఆవేశిత కణాల తాకిడికి భూమి అయస్కాంత క్షేత్రం కల్లోలితమైనప్పుడు విద్యుత్ తీగలలో అవాంఛిత ప్రవాహాలు పుడతాయి. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో ఇదే కారణంగా విద్యుత్ వ్యవస్థ కుప్పకూలింది. సుమారు 60 లక్షలమంది తొమ్మిది గంటలపాటు చీకటిలో గడిపారు. 2024 మేలో వచ్చిన తీవ్ర సౌర తుపాను సమయంలో లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశంలో కూడా ఎర్రని కాంతి కనిపించింది. అయితే ఆటలో ధ్రువకాంతులు వెలిగిన రాత్రులలో చచ్చిన దీపాలు, కంప్యూటర్లు వాటంతట అవే వెలుగుతాయి. అది కవి సమయమే కానీ శాస్త్రం కాదు.

చలిని గురించి ఆట చెప్పేది చాలావరకు నిజం. శరీర అంతర్భాగ ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే దానిని అల్పోష్ణస్థితి అంటారు. గాలి వీస్తే ఒంటి వేడి త్వరగా పోతుంది. తడిబట్టలు మరింత ప్రమాదకరం, ఎందుకంటే నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. చలి దేశాలకు చదువుకు, ఉద్యోగాలకు వెళుతున్న తెలుగు యువతకు ఈ మాత్రం అవగాహన ఉండడం మంచిదే.

కానీ వనమూలికల వైద్యం, తోడేళ్ల ప్రవర్తన వంటివి ఆట అవసరం కోసం మార్చినవి. వాస్తవంలో తోడేళ్లు మనుషుల మీద పడడం అరుదు. ఆటలో నేర్చినది అడవిలో ప్రయోగించరాదు. పుట్టగొడుగుల విషయంలో అయితే అది ప్రాణాంతకం కూడా కావచ్చు.

చట్టం ఏమంటోంది?

ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టానికి 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదం తెలిపింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న భేదం లేకుండా, డబ్బు ఒడ్డి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ ఆ చట్టం నిషేధిస్తోంది. వాటిని నిర్వహించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. ఈ-స్పోర్ట్స్‌ను, వినోదానికి, విద్యకు ఉపకరించే సామాజిక ఆటలను మాత్రం అదే చట్టం ప్రోత్సహించదలచింది. అంతకు ముందే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి.

‘ది లాంగ్ డార్క్’ వంటి ఆటలలో ఒకసారి ధర చెల్లించి కొనుక్కోవడం తప్ప పందెం ఒడ్డడమనేది లేదు. ఎన్ని రోజులు బతికినా రూపాయి రాదు. కనుక పిల్లలు ‘గేమ్’ ఆడుతున్నారని తెలిసినప్పుడు పెద్దలు మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే: ఇందులో డబ్బు పెట్టి డబ్బు గెలవడం ఉందా? ఉంటే ఆపించాలి. లేకపోతే రెండవ ప్రశ్నకు వెళ్లాలి: ఎంతసేపు?

ఈ రెండవ ప్రశ్న కూడా తేలికైనది కాదు. పందెం లేనంత మాత్రాన ఆట నిరపాయమని చెప్పలేము. మరొక్క రోజు బతుకుదామన్న తపన తెల్లవారేదాకా కూర్చోబెట్టగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించి, 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ‘గేమింగ్ డిజార్డర్’కు చోటుంది. ఆటపై అదుపు కోల్పోవడం, ఇతర పనులన్నిటికంటే ఆటకే ప్రాధాన్యం ఇవ్వడం, హాని కలుగుతున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. సాధారణంగా ఏడాది పాటు ఇవి కొనసాగితే రుగ్మతగా పరిగణిస్తారు. నాలుగు రోజులు ఎక్కువసేపు ఆడినంత మాత్రాన రోగమనుకోనవసరం లేదు. చదువు, నిద్ర, భోజనం, ఇంటిలో మాటామంతీ వరుసగా దెబ్బతింటుంటే మాత్రం వైద్యుని సలహా తీసుకోవాలి.

పక్కన కూర్చుని చూడడం

నిషేధం, నియంత్రణ, వైద్యం అన్నిటికంటే ముందు చేయదగినది మరొకటి ఉంది. పిల్లల పక్కన ఒక గంట కూర్చుని వారు ఆడుతున్నదేమిటో చూడడం. అది జూదమైతే ఆ గంటలోనే తెలిసిపోతుంది. కాకపోతే, తెలియని భాషలో రాసిన పుస్తకాన్ని పిల్లలు మనకు చదివి వినిపించినట్లు ఉంటుంది.

ఆ రోజు నా ప్రయాణం ముగిసిన తరువాత మా అబ్బాయి తన పాత ప్రయాణాల సంగతులు చెప్పాడు. తొంభై రోజులు బతికి, ఒక తోడేలు వల్ల అన్నీ పోగొట్టుకున్న రాత్రి నిద్ర పట్టలేదట. మర్నాడు మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాడట. ఆ సంగతి నాకు అప్పటివరకు తెలియదు.

‘‘మళ్లీ మొదలుపెడతావా నాన్నా?’’ అని అడిగాడు.

మొదలుపెట్టాను. ఈసారి పదకొండు అగ్గిపుల్లలు దొరికాయి. గాలి మారినప్పుడు వెనక్కి వస్తున్నాను.